‘దీపం లేని ఇల్లు’: అమెరికా, పాకిస్థాన్ ప్రజలకు చెప్పకుండా నడిచిన స్నేహం

అబోటాబాద్ పాకిస్థాన్‌లో ఒక చల్లని కొండ ఊరు. బ్రిటిష్ వాళ్ల కాలంలో జేమ్స్ అబోట్ అనే సైనికాధికారి పేరు మీద వెలిసింది. మంచి బడులు, కంటోన్మెంట్, రిటైరైన ఫౌజీల ఇళ్లు, ఊరి అంచున కాకుల్‌లో పాకిస్థాన్ మిలిటరీ అకాడమీ. ఆ అకాడమీకి కిలోమీటరున్నర కూడా దూరం లేని బిలాల్ టౌన్ కాలనీలో ఒక మూడంతస్తుల ఇల్లు ఉండేది. చుట్టూ 12 నుంచి 18 అడుగుల ప్రహరీ, దాని మీద ముళ్లతీగ. పై అంతస్తు బాల్కనీకి కూడా ఏడడుగుల అడ్డుగోడ. ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు. చెత్త బయట పారేసేవారు కాదు, లోపలే తగలబెట్టేవారు. ఒక్క ఇంటికి నాలుగేసి కరెంటు, గ్యాస్ మీటర్లు, ఏ ఒక్కదాని మీదా వాడకం మరీ ఎక్కువ కనిపించకుండా. పాతిక మంది దాకా కాపురమున్న ఆ ఇంటిని, ఇంటింటి సర్వేకు వచ్చిన సిబ్బంది ‘బేచిరాగ్’ అని రాసుకుని పోయారు. అంటే దీపం పెట్టే దిక్కు లేని ఇల్లు, ఎవరూ ఉండని ఇల్లు అని.

2011 మే 2 అర్ధరాత్రి దాటాక అఫ్గానిస్థాన్‌లోని జలాలాబాద్ నుంచి అమెరికా హెలికాప్టర్లు వచ్చి ఆ ఇంటి ఆవరణలో దిగాయి. ఒకటి అక్కడే కూలింది. సుమారు 40 నిమిషాల్లో పని ముగించుకుని, ఒసామా బిన్ లాడెన్ శవాన్ని తీసుకుని సైనికులు వెళ్లిపోయారు. పాకిస్థాన్ ప్రభుత్వానికి ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పటి సీఐఏ అధిపతి లియోన్ పనెట్టా కొద్ది రోజులకే టైమ్ పత్రికకు దాపరికం లేకుండా చెప్పారు: పాకిస్థాన్‌తో కలిసి పనిచేస్తే వాళ్లు అవతలి వాళ్లను హెచ్చరించే ప్రమాదం ఉందనుకున్నాం అని.

ఈ మాట అన్నది శత్రుదేశం గురించి కాదు. 2004లోనే అమెరికా పాకిస్థాన్‌కు ‘నాటోయేతర కీలక మిత్రదేశం’ హోదా ఇచ్చింది. పదేళ్లుగా వేల కోట్ల డాలర్లు పంపుతోంది. ఖలీద్ షేక్ మహమ్మద్ 2003 మార్చిలో రావల్పిండిలో దొరికాడు, రమ్జీ బిన్ అల్ షిబ్ 2002 సెప్టెంబరులో కరాచీలో, అబూ జుబేదా అదే ఏడాది మార్చిలో ఫైసలాబాద్‌లో. అల్‌ఖైదా పెద్ద తలకాయల్లో చాలా మందిని పట్టుకుంది పాకిస్థాన్ సాయంతోనే. అలాంటి మిత్రుడికి చెబితే దొంగకు కబురు పోతుందని అమెరికా భయపడింది. ఆ భయం ఉత్త పుణ్యానికి పుట్టలేదు.

మర్నాటి నుంచి రెండు దేశాల్లోనూ ఆ ఇంటి గురించే చర్చ. కానీ ప్రశ్నలు వేరు. అమెరికన్లు అడిగింది: మిలిటరీ అకాడమీ పక్కన అయిదారేళ్లు ఉంటే మీకు తెలియదా? పాకిస్థానీలు అడిగింది: మా ఇంట్లోకి చెప్పకుండా ఎలా వచ్చారు? నిజానికి పాకిస్థానీలు తమ సైన్యాన్ని అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. అతను ఇక్కడెలా ఉన్నాడన్నది ఒకటి, వాళ్లు వచ్చిపోతుంటే మీరేం చేస్తున్నారన్నది రెండోది. రెండో ప్రశ్న గట్టిగానే వినిపించింది. ఆర్మీ రాడార్ అమ్మకానికి ఉంది, అమెరికా హెలికాప్టర్లు కనపడవు గానీ స్టార్ ప్లస్ బాగా వస్తుంది అంటూ ఎస్ఎంఎస్ జోకులు దేశమంతా తిరిగాయి. మొదటి ప్రశ్న మాత్రం నోట్లోనే ఆగిపోయింది.

సైన్యం పరిస్థితి తేలు కుట్టిన దొంగలా తయారైంది. ‘అతను ఉన్నట్టు మాకు తెలుసు’ అంటే ఉగ్రవాదికి ఆశ్రయమిచ్చినట్టు. ‘తెలియదు’ అంటే చేతకానితనం ఒప్పుకున్నట్టు. సైన్యం చేతకానితనాన్నే ఎంచుకుంది. జస్టిస్ జావేద్ ఇక్బాల్ అధ్యక్షతన వేసిన అబోటాబాద్ కమిషన్ నివేదికను ప్రభుత్వం తొక్కిపెట్టింది. 2013 జులైలో అల్ జజీరా చేతికి చిక్కి అది బయటపడింది. 336 పేజీల ఆ నివేదిక ఎంత సూటిగా ఉందంటే, ఇలాంటి అంశంపై ఒక ప్రభుత్వ కమిషన్ రాసినదంటే నమ్మబుద్ధి కాదు. దాదాపు అన్ని స్థాయుల్లోనూ నేరపూరిత నిర్లక్ష్యం, అసమర్థత ఉన్నాయని తేల్చింది. కొన్ని స్థాయుల్లో కుమ్మక్కు జరిగి ఉండొచ్చన్నదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేమని కూడా రాసింది. బిన్ లాడెన్ పై నుంచి ఉపగ్రహాలకు కనపడకుండా కౌబాయ్ టోపీ పెట్టుకుని పెరట్లో తిరిగేవాడన్నది అందులోదే. స్వాత్‌లో ఒకసారి అతనున్న కారును స్పీడుగా పోతోందని పోలీసు ఆపాడనీ, పక్కనున్నవాడు ఏదో సర్దిచెప్పి బయటపడ్డాడనీ ఉన్నది కూడా అందులోనే. ప్రపంచమంతా వెతుకుతున్న మనిషి ట్రాఫిక్ పోలీసు చేతిలోంచి జారిపోయాడన్నమాట.

అదే కమిషన్ ముందు అప్పటి ఐఎస్ఐ అధిపతి అహ్మద్ షుజా పాషా చెప్పిన ఒక సంగతి అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. ఒక అమెరికన్ గూఢచారి అధికారి తన మొహం మీదే ‘మీరు చాలా చవక. ఒక వీసాతో, ఒక అమెరికా ట్రిప్పుతో, ఆఖరికి ఒక డిన్నర్‌తో కూడా మిమ్మల్ని కొనేయొచ్చు’ అన్నాడట. ఇది పాషా చెప్పిన మాటే, అవతలి వైపు సాక్ష్యం లేదు. కానీ ఆ మాటను ఐఎస్ఐ అధిపతి అంతటివాడు మనసులో దాచుకుని విచారణలో బయటపెట్టాడంటే, డాలర్లు తీసుకున్న చేతికి ఎంత మంట పుట్టిందో అర్థమవుతుంది.

ఈ మంటకు పాత చరిత్ర ఉంది. 1980లలో సోవియట్ సైన్యం అఫ్గానిస్థాన్‌లో ఉన్నన్నాళ్లూ పాకిస్థాన్ అమెరికాకు ముద్దుబిడ్డ. సోవియట్ సైన్యంతో పోరాడే ముజాహిదీన్‌కు డబ్బు సీఐఏది, పంపకం ఐఎస్ఐది. ఎవరికి ఎంత ఇవ్వాలో ఐఎస్ఐ నిర్ణయించేది. తర్వాతి గొడవలన్నిటికీ విత్తనం అక్కడే పడింది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ దళాలు వెళ్లిపోయాయి. 1990 అక్టోబరు వచ్చేసరికి ప్రెస్లర్ సవరణ కింద సాయం ఆగిపోయింది. పాకిస్థాన్ దగ్గర అణుబాంబు లేదని అమెరికా అధ్యక్షుడు ఏటా ధ్రువీకరించాలని ఆ చట్టం. అంతకుముందు వరకు, అంటే అవసరం ఉన్నన్నాళ్లూ, ఏటా ధ్రువీకరించారు. అవసరం తీరాక ధ్రువీకరించలేమన్నారు. ఎఫ్-16 విమానాల కోసం పాకిస్థాన్ సుమారు 65 కోట్ల డాలర్లు ముందే కట్టింది. 28 విమానాలు అరిజోనా ఎడారిలో ఆగిపోయాయి. డబ్బు రాలేదు, విమానాలు రాలేదు, పైగా నిలవ ఉంచినందుకు అద్దె బిల్లు పంపారు. చివరికి 1998లో కొంత నగదు, మిగతాది గోధుమల వంటి సరుకుల రూపంలో సర్దుబాటు చేసుకున్నారు. కూరలో కరివేపాకులా తీసి పారేశారన్న బాధ పాకిస్థాన్ సైనికాధికారుల ఒక తరం మొత్తానికి ఉండిపోయింది. అణుబాంబు విషయంలో పాకిస్థాన్ అబద్ధమాడింది కదా అని ఎదురు అడగొచ్చు. ఆడింది. అమెరికా ఆ అబద్ధాన్ని తెలిసీ ఏళ్ల తరబడి నమ్మినట్టు నటించింది. దొందూ దొందే.

2001 సెప్టెంబరు 11న ఐఎస్ఐ అధిపతి మహమూద్ అహ్మద్ కాకతాళీయంగా వాషింగ్టన్‌లోనే ఉన్నారు. మర్నాడు అమెరికా విదేశాంగ ఉపమంత్రి రిచర్డ్ ఆర్మిటేజ్ ఆయన్ను పిలిచి మాట్లాడారు. మీరు మాతో లేకపోతే బాంబులేసి రాతియుగానికి పంపిస్తామని హెచ్చరించినట్టు ముషారఫ్ తన ఆత్మకథలో రాశారు. ఆ మాటలు తాను అనలేదని ఆర్మిటేజ్ ఖండించారు. మాటలేవైనా, ఈ పెళ్లి ఇష్టపడి చేసుకున్నది కాదన్నది స్పష్టం. అదే ఆత్మకథలో, అల్‌ఖైదా వాళ్లు 689 మందిని పట్టుకున్నామనీ 369 మందిని అమెరికాకు అప్పగించామనీ అందుకు బహుమతిగా లక్షల డాలర్లు వచ్చాయనీ ముషారఫ్ గొప్పగా చెప్పుకున్నారు. మనుషుల్ని అమ్ముకున్నారని సొంత దేశంలోనే దుమ్మెత్తిపోశారు.

లెక్క ఇదీ. 2002 నుంచి 15 ఏళ్లలో అమెరికా ఇచ్చింది సుమారు 3,300 కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగం, 1,400 కోట్లకు పైగా, ‘కొయలిషన్ సపోర్ట్ ఫండ్’ కింద వచ్చింది. ఇది సాయం కూడా కాదు, బిల్లు పెట్టుకుని రాబట్టుకునే సొమ్ము. సరిహద్దులో ఇంతమంది సైనికుల్ని పెట్టాం, ఇంత ఖర్చయిందని పాకిస్థాన్ బిల్లు పంపేది, అమెరికా చూసి చెల్లించేది. అమెరికన్ల లెక్కలో ఇది పాకిస్థాన్‌కు చేసిన ఉపకారం. పాకిస్థానీల లెక్కలో చేసిన చాకిరీకి కూలి. 2009లో కెర్రీ–లూగర్ చట్టం అయిదేళ్లకు 750 కోట్ల డాలర్ల పౌర సాయం ప్రకటించినప్పుడు, మామూలుగా అయితే జనం సంతోషించాలి. కానీ అందులో సైన్యం మీద పౌర ప్రభుత్వ అదుపు గురించి, ఉగ్రవాద ముఠాల మీద చర్యల గురించి షరతులున్నాయి. సైన్యం బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. బడులకు, కరెంటుకు రావాల్సిన డబ్బు దేశ సార్వభౌమత్వం మీద దాడిగా టీవీల్లో మారిపోయింది.

మరి అఫ్గాన్ తాలిబన్‌ను, వాళ్లతో కలిసి పోరాడే హక్కానీ ముఠాను పాకిస్థాన్ ఎందుకు వదులుకోలేదు? దీనికి పెద్ద రహస్యమేమీ లేదు. అమెరికా ఎప్పటికైనా వెళ్లిపోతుంది, 1989లో చూశాం. అప్పుడు కాబూల్‌లో భారత్‌కు అనుకూలమైన ప్రభుత్వం మిగిలితే రెండు వైపులా ఇరుక్కుంటాం. కాబట్టి మనవాళ్లు కొందరు అక్కడ ఉండాలి. ఇదీ రావల్పిండి ఆలోచన, అంటే అక్కడి సైనిక ప్రధాన కార్యాలయం ఆలోచన. దాంతో అల్‌ఖైదాను పట్టిస్తూనే, అఫ్గాన్ తాలిబన్ నాయకత్వాన్ని క్వెట్టాలో, హక్కానీలను ఉత్తర వజీరిస్థాన్‌లో చూసీ చూడనట్టు వదిలేశారు. సొంత సైన్యం మీద తిరగబడ్డ టీటీపీ (పాకిస్థానీ తాలిబన్) చెడ్డ తాలిబన్, పక్క దేశంలో పోరాడేది మంచి తాలిబన్. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడిని రెండు పడవల వాళ్లూ నమ్మరు. పైగా మంచి, చెడ్డ అన్న గీత వజీరిస్థాన్ కొండల్లో పనిచేయలేదు. 2014 డిసెంబరు 16న పెషావర్ ఆర్మీ పబ్లిక్ స్కూల్లో టీటీపీ దాదాపు 150 మందిని చంపింది. ఎక్కువ మంది పిల్లలే.

ఇంతవరకు ప్రభుత్వాల సంగతి. ప్రజల్లో అపనమ్మకం అంతగా ఎందుకు పాతుకుందంటే, రెండు ప్రభుత్వాలూ ఈ స్నేహాన్ని సొంత జనానికి చెప్పకుండా నడిపాయి. డ్రోన్ల వ్యవహారం చూస్తే చాలు. అఫ్గాన్ సరిహద్దులోని గిరిజన ప్రాంతాల్లో మొదటి డ్రోన్ దాడి 2004 జూన్‌లో జరిగింది, అందులో నేక్ మహమ్మద్ అనే మిలిటెంట్ నాయకుడు చనిపోయాడు. అది తమ సైన్యం చేసిన పనేనని పాకిస్థాన్ చెప్పుకుంది. కొన్ని డ్రోన్లు ఎగిరింది బలూచిస్థాన్‌లోని శంసీ విమాన స్థావరం నుంచి, అంటే పాకిస్థాన్ నేల మీది నుంచే. బయట మాత్రం ప్రతి దాడికీ ఖండన. 2010లో వికీలీక్స్ బయటపెట్టిన అమెరికా దౌత్య సందేశంలో అప్పటి ప్రధాని యూసఫ్ రజా గిలానీ అన్న మాట ఉంది: సరైన వాళ్లు చచ్చేంతవరకు వాళ్లేం చేసినా నాకు అభ్యంతరం లేదు, మేం పార్లమెంటులో నిరసన చెప్పి ఊరుకుంటాం అని. ఆ సందేశం పత్రికల్లో చదివిన పెషావర్ కుర్రాడికి అమెరికా మీద కోపం తగ్గదు, సొంత ప్రధాని మీద కోపం కొత్తగా కలుస్తుంది. అమెరికా కూడా ఏళ్ల తరబడి డ్రోన్ల పేరెత్తలేదు. ఎత్తితే కదా, మీ ప్రభుత్వమే ఒప్పుకుందని పాకిస్థానీలకు చెప్పుకునే వీలుండేది!

2011 అంతా ఇలాంటి మూటలు ఒకటొకటిగా విప్పుకున్న ఏడాది. జనవరి 27న లాహోర్‌లో నడిరోడ్డు మీద రేమండ్ డేవిస్ అనే అమెరికన్ ఇద్దరిని కాల్చి చంపాడు. అతన్ని తీసుకుపోవడానికి రాంగ్ రూట్‌లో వచ్చిన కాన్సులేట్ బండి కింద పడి ఇంకో మనిషి పోయాడు. ‘మా దౌత్యవేత్త’ అన్నారు ఒబామా. కొద్ది రోజుల్లోనే అతను సీఐఏ కాంట్రాక్టర్ అని తేలింది. మార్చి 16న మృతుల కుటుంబాలకు రక్తపరిహారంగా 23 లక్షల డాలర్లకు పైగా ముట్టజెప్పి, కోర్టు నుంచి నేరుగా విమానం ఎక్కించారు. ఆ బేరం కుదర్చడంలో ఐఎస్ఐ చేయి ఉందని అందరూ అనుకున్నారు. అది చల్లారకముందే అబోటాబాద్. సెప్టెంబరులో కాబూల్‌లోని అమెరికా ఎంబసీ మీద దాడి, ఆ వెంటనే అప్పటి అమెరికా త్రివిధ దళాల అధిపతి అడ్మిరల్ మైక్ ముల్లెన్ సెనేట్ కమిటీ ముందు హక్కానీ ముఠా సాక్షాత్తు ఐఎస్ఐ చేతికిందిదేనని చెప్పడం. ముల్లెన్ పాకిస్థాన్ సైన్యాధిపతి కయానీతో అందరికంటే ఎక్కువసార్లు కూర్చుని మాట్లాడిన అమెరికన్. విసిగి వేసారిన స్నేహితుడి నోట వచ్చింది కాబట్టి ఆ మాట మరీ గట్టిగా తగిలింది.

అక్టోబరులో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఇస్లామాబాద్ వచ్చారు. పెరట్లో పాముల్ని పెంచుకుని అవి పక్కింటి వాళ్లనే కరుస్తాయనుకోకూడదు అన్నది అప్పుడే. ఆ మాటకు పత్రికల్లో పెద్ద పేరొచ్చింది. కానీ అదే పర్యటనలో జనంతో ముఖాముఖిలో ఒక మహిళ లేచి అన్న మాట ఇంకా బాగుంది. అమెరికా అత్తగారిలాంటిది, ఎంత చేసినా తృప్తి ఉండదు, వచ్చిన ప్రతిసారీ ఇది చాల్లేదు ఇంకా కష్టపడాలి అంటుంది, అని. హాలంతా నవ్వులు. ఏడాది కిందటే కూతురి పెళ్లి చేసిన హిల్లరీ కూడా నవ్వి, నేనూ ఇప్పుడు అత్తనే కాబట్టి ఆ బాధ అర్థమైందన్నారు. ఈ పోలిక తెలుగు వాళ్లకు వివరించక్కర్లేదు. కాకపోతే కోడలు కూడా అత్త కళ్లుగప్పి కొన్ని పనులు చేస్తోందన్నది అందులో రాలేదు.

నెల కాస్త దాటగానే, నవంబరు 26న, సలాలా అనే సరిహద్దు పోస్టుల మీద నాటో విమానాలు దాడి చేసి 24 మంది పాకిస్థాన్ సైనికుల్ని చంపాయి. పాకిస్థాన్ కరాచీ నుంచి అఫ్గానిస్థాన్‌కు పోయే నాటో సరఫరా లారీల్ని ఆపేసింది, శంసీ స్థావరం ఖాళీ చేయించింది. క్షమాపణ చెప్పాలని పాకిస్థాన్, చెప్పేది లేదని అమెరికా. ఏడు నెలలు నడిచింది. మధ్య ఆసియా మీదుగా చుట్టూ తిప్పి సరుకు పంపితే అమెరికాకు నెలకు 10 కోట్ల డాలర్లు అదనంగా అయింది. కంటైనర్‌కు 250 డాలర్లున్న రుసుమును పాకిస్థాన్ 5,000 అడిగింది. చివరికి 2012 జులై 3న హిల్లరీ ఫోన్లో ‘సారీ’ అన్న మాట వాడారు, పాత రేటుకే దారి తెరుచుకుంది. సైనికుల ప్రాణాలకు క్షమాపణ అని మొదలైంది కంటైనర్ రేటు దగ్గర తేలింది.

ఆ రోజుల్లో ప్యూ సంస్థ చేసిన సర్వేల్లో జనం మనసు తెలిసిపోయింది. 2012లో నూటికి 74 మంది పాకిస్థానీలు అమెరికాను శత్రువు అన్నారు. అంతకు మూడేళ్ల ముందు అది 64. బిన్ లాడెన్ చావు మంచిదైందని అన్నవాళ్లు 2011లో 14 శాతమే, చెడ్డదైందన్నవాళ్లు 55 శాతం. ఈ 55 శాతాన్ని చూపించి పాకిస్థానీలంతా ఉగ్రవాదాన్ని సమర్థిస్తారని చాలామంది తేల్చేశారు. అది తొందరపాటు. బాంబు పేలుళ్లకు ఎక్కువగా బలైంది ఆ జనమే. ఆ జవాబులో మనిషి మీద అభిమానం కంటే, తమను అడక్కుండా తమ ఊళ్లో జరిగిన పని మీద ఉక్రోషం ఎక్కువ. 2020 జూన్‌లో ఇమ్రాన్ ఖాన్ ప్రధానిగా పార్లమెంటులో మాట్లాడుతూ బిన్ లాడెన్‌ను అమెరికా ‘షహీద్’ చేసిందని నోరు జారారు. ప్రపంచమంతా ఆ ఒక్క పదాన్ని పట్టుకుంది. కానీ ఆయన ఆ ప్రసంగంలో చెప్పుకున్న అసలు బాధ వేరే: మా మిత్రుడే మాకు చెప్పకుండా మా దేశంలోకొచ్చి మనిషిని చంపి పోయాడు, మేం తలెత్తుకోలేకపోయాం అన్నది.

ఈ అపనమ్మకానికి రాజధానుల్లో ఎవరూ కట్టని మూల్యం ఒకటుంది. బిన్ లాడెన్ ఆ ఇంట్లో ఉన్నాడో లేదో తేల్చుకోవడానికి సీఐఏ షకీల్ ఆఫ్రిదీ అనే డాక్టరు చేత అబోటాబాద్‌లో హెపటైటిస్-బి టీకాల కార్యక్రమం పెట్టించింది. పిల్లల రక్తం నుంచి డీఎన్ఏ దొరుకుతుందని ఆశ. అది నిజమైన టీకానే. కానీ మూడు డోసులు వేయాల్సిన టీకాను పేదల వాడలో మొదటి డోసు వేసి, మిగతావి వేయకుండానే బిలాల్ టౌన్‌కు మారిపోయారు. డీఎన్ఏ దొరకలేదు. దాడి తర్వాత ఆఫ్రిదీ దొరికిపోయాడు. 2012 మేలో గిరిజన ప్రాంత చట్టం కింద అతనికి 33 ఏళ్ల జైలు వేశారు. కాగితం మీద నేరం సీఐఏకు పనిచేయడం కాదు, ఒక మిలిటెంట్ ముఠాతో సంబంధాలు. మర్నాడే అమెరికా సెనేట్ కమిటీ పాకిస్థాన్ సాయంలో 3.3 కోట్ల డాలర్లు కోసేసింది, శిక్ష పడిన ఏడాదికి 10 లక్షల చొప్పున. అమెరికన్లకు అతను హీరో, పాకిస్థానీలకు ద్రోహి.

మరి టీకా? పాకిస్థాన్‌లో పోలియో చుక్కల పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. కొద్దిపాటి రోజుకూలికి ఐస్ పెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. చుక్కలు వేసిన పిల్లల చిటికెన వేలికి సిరా గుర్తు పెడతారు, తలుపు మీద సుద్దముక్కతో లెక్క రాస్తారు. టీకాలంటే గర్భం రాకుండా చేసే కుట్ర అని మతపెద్దలు కొందరు ఎప్పటి నుంచో చెబుతున్నారు, చాలామంది కొట్టిపారేసేవారు. ఇప్పుడు వాళ్ల చేతికి ఒక నిజమైన సంఘటన దొరికింది. టీకా వేసే మనిషి గూఢచారి కావచ్చన్నది ఇక పుకారు కాదు. 2012 జూన్‌లో ఉత్తర వజీరిస్థాన్‌లో హాఫిజ్ గుల్ బహదూర్ ముఠా డ్రోన్లు ఆగేదాకా పోలియో చుక్కలు నిషేధమంది. ఆ డిసెంబరులో కరాచీ, పెషావర్‌లలో చుక్కలు వేసే ఆడవాళ్లను కాల్చి చంపడం మొదలైంది. 2014లో దేశంలో పోలియో కేసులు 306కు చేరాయి. ఆ ఏడాదే, ఇక టీకా కార్యక్రమాల్ని ముసుగుగా వాడబోమని వైట్‌హౌస్ అమెరికాలోని ప్రజారోగ్య విద్యాసంస్థలకు రాతపూర్వకంగా చెప్పింది. పోలియో పెరగడానికి ఈ ఒక్కటే కారణం కాదు, యుద్ధం, వలసలు ఉన్నాయి. కానీ తలుపు తెరిచే తల్లి మనసులో పడ్డ అనుమానాన్ని ఏ లెక్కలోనూ వేయలేం.

భారతీయ పాఠకుడికి ఇదంతా ‘చెప్పాం కదా’ అనిపించడం సహజం. 2012 ఏప్రిల్‌లో అమెరికా లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్ తల మీద కోటి డాలర్ల బహుమతి ప్రకటిస్తే, అతను వెంటనే రావల్పిండిలో సైనిక ప్రధాన కార్యాలయానికి కూతవేటు దూరంలోని హోటల్లో ప్రెస్‌మీట్ పెట్టి, నేనిక్కడే ఉన్నాను, ఆ డబ్బేదో నాకే ఇవ్వండి అని ఎగతాళి చేశాడు. అయితే అమెరికా మీద మన అనుమానం కూడా తక్కువేం కాదు. 26/11 దాడులకు ముందు ముంబైలో రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థకు ఇన్‌ఫార్మర్‌గా పనిచేసినవాడే. అతని మీద భార్యలే అమెరికా అధికారులకు ఫిర్యాదు చేశారు. 2009లో షికాగోలో అరెస్టయ్యాక, భారత్‌కు అప్పగించరాదన్న ఒప్పందం మీద నేరం ఒప్పుకుని 35 ఏళ్ల శిక్షతో అక్కడే ఉన్నాడు. అతని స్నేహితుడు తహవ్వుర్ రాణా మాత్రం 2025 ఏప్రిల్‌లో మన చేతికి వచ్చాడు, దాడి జరిగిన 16 ఏళ్లకు. అదే నెల 22న పహల్గాంలో 26 మందిని చంపారు. విశాఖపట్నం, కావలి ఇళ్లకూ శవాలు వచ్చాయి. రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 18న, పాకిస్థాన్ ఫీల్డ్ మార్షల్ ఆసిమ్ మునీర్ వైట్‌హౌస్‌లో ట్రంప్‌తో కూర్చుని భోజనం చేశారు. అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో కూడా ఆ రోజు టీవీ ముందు వినిపించిన మాటలు అమెరికాకు అంత అనుకూలంగా ఉండి ఉండవు.

ఈ ట్రంపే 2018 జనవరి 1న, 3,300 కోట్ల డాలర్లు పోస్తే పాకిస్థాన్ మాకు అబద్ధాలు, మోసం తప్ప ఏమీ ఇవ్వలేదని ట్వీట్ చేసి సైనిక సాయం ఆపేశారు. ఆ నవంబరులో మళ్లీ అదే పాట పాడితే ఇమ్రాన్ ఖాన్ లెక్క చెప్పారు: మీ యుద్ధంలో మా ప్రాణనష్టం 75,000, ఆర్థిక నష్టం 12,300 కోట్ల డాలర్లు అని. 2025 మార్చిలో, 2021 నాటి కాబూల్ విమానాశ్రయం పేలుడు కేసులో ఒకడిని పట్టిచ్చినందుకు అదే ట్రంప్ కాంగ్రెస్ ప్రసంగంలో పాకిస్థాన్‌కు ప్రత్యేకంగా థ్యాంక్స్ చెప్పారు. ఒక నిందితుడిని అప్పగించడం, బదులుగా ఒక మెప్పు పొందడం. 2002 నాటి బేరమే మళ్లీ మొదటికొచ్చింది. పాకిస్థాన్ రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్ పహల్గాం తర్వాత బ్రిటిష్ టీవీ చానల్‌తో, మూడు దశాబ్దాలు అమెరికా కోసం, పశ్చిమ దేశాల కోసం ఈ చెత్త పని చేశామని అనేశారు. ఒప్పుకోలూ నిష్ఠూరమూ ఒకే వాక్యంలో.

ఇక అఫ్గానిస్థాన్ వైపు నడిచిన రెండో కథ. 2021 ఆగస్టులో తాలిబన్ కాబూల్ పట్టుకున్నాక, సెప్టెంబరు 4న ఐఎస్ఐ అధిపతి ఫైజ్ హమీద్ కాబూల్ సెరీనా హోటల్లో టీ కప్పు పట్టుకుని నవ్వుతూ కెమెరాలకు కనిపించారు. ఏమవుతుందని అడిగితే, కంగారు పడకండి, అంతా సర్దుకుంటుంది అన్నారు. ఇరవై ఏళ్లు దాచి కాపాడుకున్న వాళ్లు అధికారంలోకి వచ్చారు. ఆ తర్వాత పాకిస్థాన్‌లో టీటీపీ దాడులు తగ్గలేదు, పెరిగాయి. టీటీపీ నాయకులు అఫ్గానిస్థాన్‌లో ఉన్నారు, మా వాళ్లను చంపి సరిహద్దు దాటి అక్కడ దాక్కుంటున్నారు, వాళ్లకు ఆశ్రయం ఇవ్వొద్దు అని ఇస్లామాబాద్ ఒకటికి పదిసార్లు అడిగింది. అడిగి విసిగి 2024 డిసెంబరులో అఫ్గానిస్థాన్‌లోని పక్తికా మీద బాంబులేసింది. 2025 అక్టోబరులో రెండు సైన్యాలూ సరిహద్దు పొడవునా కాల్చుకుని, అదే నెల 19న దోహాలో కాల్పుల విరమణకు కూర్చున్నాయి. మా నేల మీద వాళ్లెవరూ లేరు, అది మీ ఇంటి సమస్య, మీరే చూసుకోండి అని కాబూల్ జవాబు. ఏళ్ల తరబడి వాషింగ్టన్‌కు రావల్పిండి చెప్పిన జవాబు కూడా దాదాపు అదే.